పట్టుచీర కట్టుకుని సినిమా పండక్కి

మా అత్త పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర చిన్న గుసగుస పుట్టింది. బంతిలో చుట్టాలెవరికీ తెలియని గడ్డాలవాళ్ళు ముగ్గురు కూర్చుని ఉన్నారు. పక్కన గుడ్డసంచులు పెట్టుకుని, తలలు వంచుకుని రసం అన్నం తింటున్నారు. ఒకాయన మధ్యమధ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు. మా పెదనాయన నన్ను స్తంభం పక్కకు పిలిచాడు.

"ఎవరే వాళ్ళు? మీ అత్తకు వాళ్ళతో ఏం పళక్కం, ఎట్ల తెలుసు?"

"సినిమా డైరెక్టర్లు పెదనాయనా."

ఆయన వాళ్ళను కిందినుంచి పైదాకా మళ్ళీ ఒకసారి చూశాడు. "డైరెక్టర్లా? అట్లయితే ఏంటికి ఇట్ల ఉండారు?" అన్నాడు. తరువాత ఏమనుకున్నాడో, వడ్డించేవాళ్ళను కేకేసి వాళ్ళ ఆకుల్లో ఇంకో వడ వేయించాడు.

చేతులు కడుక్కునే చోట ఆ కళ్ళు తుడుచుకున్నాయన నాతో తమిళంలో అన్నాడు: "మీ అత్త నన్నొక ప్రశ్న అడిగారు. చాలా ఏళ్ళయింది. ఇంకా జవాబు దొరకలేదు." ఏం ప్రశ్న అని నేను అడగలేదు. అత్త అడిగిందంటే పొయ్యి మీద వదిలేసిన అన్నం గురించో, గుమ్మంలో నిలబడ్డ చుట్టాన్ని ఎందుకు కూర్చోమనలేదనో అయి ఉంటుంది.

అత్త అంటే మా నాన్నకు చెల్లెలు. మాది తరతరాలుగా తమిళనాట ఉంటున్న తెలుగు కుటుంబం. కోవిల్‌పట్టి నుంచి కడంబూరు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న నల్లరేగడి పల్లెలో ఆమె కాపురం. పత్తి, మినుము, మిరప వేసేవాళ్ళు. అంతా వాన దయ. మామ మాట్లాడే మనిషి కాదు. ఏదడిగినా "ఊ" అనో, లేదనడానికి "లే" అనో అనేవాడు. మరీ పెద్ద విషయమైతే తువ్వాలు దులిపి భుజం మార్చుకునేవాడు. ఇద్దరి వంతు మాటలూ అత్తే మాట్లాడుకునేది. ఆ ఇంట్లో పిల్లలు లేరు. మాటలు మాత్రం ఇల్లంతా పరుగులు పెడుతుండేవి.

తొంభైల్లో కోవిల్‌పట్టిలో ఒక ఫిలిం క్లబ్బు ఉండేది. ఇద్దరు ముగ్గురు బడిపంతుళ్ళు, ఒక పళ్ళ డాక్టరు, నాలాగా ఆఫీసుల్లో టైపు కొట్టేవాళ్ళు కొందరు, అంతే. ఏటా ఒకసారి సినిమా పండగ చేసేవాళ్ళం. పెద్ద కంపెనీల అండ లేకుండా ఎవరికి వారు తంటాలు పడి తీసుకున్న సినిమాలు. పాటలుండవు, ఫైట్లుండవు, థియేటర్లవాళ్ళు గుమ్మం ఎక్కనివ్వరు. కొన్నిటికి మొట్టమొదటి ఆట మా ఊళ్ళోనే పడేది, ఇంకెవరూ అడగలేదు కనుక. ఆట అయ్యాక డైరెక్టరు వేదిక మీద కుర్చీలో కూర్చుని, జనం అడిగినవాటికి బదులు చెప్పాలి. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, పెళ్ళిళ్ళుండవు కాబట్టి కల్యాణ మండపం ఖాళీగా దొరికేది. పండగ అక్కడే.

అత్త ఆ మండపంలోకి మొదటిసారి ఎలా వచ్చిందన్నదానికి మా ఇంట్లో రెండు కథలున్నాయి. మా అమ్మ చెప్పేదాని ప్రకారం, పన్ను పీకించుకోవడానికి టౌనుకు వచ్చిన అత్త, మండపం గుమ్మంలో గంధం గిన్నె, పటికబెల్లం పళ్ళెం చూసి ఎవరిదో పెళ్ళి అనుకుని లోపలికి వెళ్ళిపోయింది. అత్త దీన్ని చచ్చేదాకా ఒప్పుకోలేదు.

"ఆడి నెలలో కల్యాణం ఎవరన్నా సేస్తారా? అంత తెలీనిదాన్నా నేను? ఫ్యాను కింద రవ్వంతసేపు కూసుందామనిదా పోతిని."

ఆ "దా" మా తెలుగులోకి తమిళం నుంచి వచ్చిపడ్డ ముక్క. గట్టిగా చెప్పాల్సిన ప్రతిచోటా తగిలిస్తాం. అత్త మాటల్లో అది ఎన్నిసార్లు పడితే ఆ మాట మీద మనకంత అనుమానం కలిగేది.

నేను ఆ రోజు అక్కడే ఉన్నాను కనుక చూసింది చెబుతాను. దీపాలు ఆర్పగానే అత్త "కరెంటు పోయె" అని గట్టిగా అంది. తరువాత తెర మీద ఒక ముసలాయన రైలు గేటు వేస్తూ, తీస్తూ ఉండే సినిమా నడిచింది. అది అయ్యాక బక్కపలచటి డైరెక్టరు వేదిక మీదికి వచ్చాడు. క్లబ్బు కార్యదర్శి, ఆయన తమిళ పంతులు, ఆ అబ్బాయికి జరీ శాలువా కప్పాడు. అత్త పక్కనున్న ఆమెతో తమిళంలో, మండపం అంతా వినపడేలా అంది: "పెళ్ళికొడుకు వచ్చేశాడు. పెళ్ళికూతురు ఏదీ?"

అందరూ నవ్వారు. డైరెక్టరు మాత్రం నవ్వలేదు. మైకు దగ్గరకు లాక్కున్నాడు. "చాలా ముఖ్యమైన ప్రశ్న అడిగారమ్మా. నా సినిమాలో ఆడమనిషి ఎందుకు లేదు?" అని మొదలుపెట్టి, తన తల్లి గురించి, ఆమె చిన్నప్పుడే పోవడం గురించి, ఆడవాళ్ళను తెర మీద చూపించాలంటే తనకుండే బెదురు గురించి ఎంతోసేపు చెప్పాడు. అత్త గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ముందుకు వంగి, రెప్ప వేయకుండా విన్నది.

బయటకు వచ్చాక నాతో అంది: "పెండ్లయి ఇన్నేండ్లాయె. నేనడిగినదానికి ఇంత నిదానంగా ఎవరే బదులు సెప్పినారు?"

మండపానికి ఎదురుగా టీకొట్టు బెంచీ మీద మామ కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, తువ్వాలు దులిపి భుజం మార్చుకున్నాడు.

ఆ మరుసటి ఏడు నుంచి అత్త ఏ పండగా తప్పలేదు. మొదటి ఆట అంటే పట్టుచీర కట్టేది. అడిగితే, బిడ్డను మొదటిసారి నలుగురిలోకి తెస్తుంటే పాతచీర కట్టుకుని పోతామా అనేది. కొంగు చివర ఉప్పు, ఎండుమిరపకాయలు మూటకట్టి తెచ్చేది. ఆట మొదలయ్యే ముందు డైరెక్టరును వంటశాల వైపు తీసుకుపోయి, తూర్పు ముఖంగా నిలబెట్టి దిష్టి తీసేది. మద్రాసులో పెద్ద చదువులు చదివి, దేవుడు లేడని మాట్లాడే కుర్రాళ్ళు కూడా చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడేవాళ్ళు. ఒక ఏడు ఆ మిరపకాయల పొగ గాలివాటుకు హాల్లోకి తిరిగింది. ఎంతో గంభీరమైన సినిమాకు మొదటి పావుగంటా జనం దగ్గుతూ కూర్చున్నారు. "దిష్టి అంత ఉండాది మరి," అంది అత్త.

వేరే దేశాల సినిమాలకు కింద ఇంగ్లీషు అక్షరాలు పడేవి. అత్తకు ఇంగ్లీషు రాదు. అయినా నా చెవిలో తెలుగులో కథ చెప్పేది. "ఆ కోటు వేసుకున్నాయన ఈ పిల్లకు మేనమామ. ముక్కు సూడు, అచ్చం అదే. పిల్లనియ్యలేదని వాడికి కోపం." కింద అక్షరాలు వేరే ఏదో చెప్పేవి. కొంతసేపటికి నేను వాటిని చదవడం మానేసేదాన్ని. ఒకసారి మలయాళం నుంచి వచ్చిన డైరెక్టరును ఆమె లేచి నిలదీసింది, ఆ మేనమామను చివర్లో ఎందుకు ఒంటరిగా వదిలేశావని. ఆయన అటూ ఇటూ చూసి, నా సినిమాలో మేనమామ లేడమ్మా అన్నాడు.

"ఉండాడు," అంది అత్త. "నువ్వే సరిగ్గా సూళ్ళే."

ప్రతిసారీ ఆమెదే పైచెయ్యి అనుకోకండి. ఒక సినిమాలో తల్లి చంటిదాన్ని అరుగు మీద వదిలేసి ఎటో వెళ్ళిపోతుంది. ఆట అయిన వెంటనే అత్త మండిపడుతూ లేచింది. బిడ్డను అలా ఒంటిగా కూర్చోబెట్టి కెమెరా పట్టుకుని చూస్తుంటావా, నీకు మనసుందా అని అడిగింది. డైరెక్టరు నెమ్మదిగా చెప్పాడు. "ఆ పాప మా అమ్మాయేనమ్మా. మీ వెనక వరసలో కూర్చుంది." అత్త తిరిగి చూసింది. పాప చేతినిండా పల్లీ పాకం అంటించుకుని కడలమిఠాయి నములుతోంది. అత్త ఆ ప్రశ్న అక్కడే వదిలేసి, వెళ్ళి పాప పక్కన కూర్చుంది. ఆ సాయంత్రం మిగిలిన సినిమాలు ఎలా ఉన్నాయో ఆమెకు తెలియదు.

మామ ఎన్నడూ లోపలికి రాలేదు. ఆమెను దిగబెట్టి టీకొట్టు బెంచీ మీద కూర్చునేవాడు. మేం బయటకు రాగానే "అయిపోయెనా?" అనేవాడు. అంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అనుకుంటాను, మద్రాసు నుంచి ఒక పిల్ల వచ్చింది. పొట్టిజుట్టు, పెద్ద కళ్ళద్దాలు. పండగలో అత్త అడిగే ప్రశ్నలు విని, ఆమె వెనకాలే ఊరికి వెళ్ళి, వానమీద బతికే పల్లె గురించి డాక్యుమెంటరీ తీస్తానంది. అత్త ఇంట్లోనే బస. పిల్లకు తెలుగు రాదు, అత్త ఆమెతో తమిళంలో మాట్లాడేది. మొదటిరోజే "నువ్వు" లోకి దిగిపోయింది.

శనాదివారాల్లో నేను వెళ్ళి చూసేదాన్ని. కెమెరా వచ్చాక అత్త రోజూ చీర మార్చేది. నీళ్ళకు పోయే ఆడవాళ్ళను ఆపి, "అట్ల కాదు, బిందె ఈ పక్కకు పెట్టుకో, మొగం కనపడాల" అని సర్దేది. పిల్ల కెమెరా వెనక కూర్చుని అలా మామూలుగా పని చేసుకోండి అంటే, అత్త రెండు గింజలు చెరిగి, తలెత్తి కెమెరా కళ్ళలోకి చూసి, "తిన్నావా? పొద్దన్నుంచి ఏం తినలేదే నువ్వు" అనేది. మామను తీస్తుంటే పక్కకు వచ్చి ఆయన ఎద్దుల గురించి, ఆయన తమ్ముడి గురించి, ఆయన కడుపునొప్పి గురించి చెప్పేది. మామ మాత్రం కెమెరాను పట్టించుకోలేదు. దాని ముందునుంచే, పొలంలో ఉండే దిష్టిబొమ్మను దాటిపోయినట్లు, దాటిపోయేవాడు.

ఒకరోజు పిల్ల అత్తను పిలిచి, మైకుకు వేసే పెన్సిలు బ్యాటరీలు అయిపోయాయి, కడంబూరు పోయి తెచ్చిపెడతారా, మీరైతేనే కుదురుతుంది అంది. అత్త ఆ మాటకు పొంగిపోయింది. ఎండలో బస్సెక్కి కడంబూరు పోయింది. మొదటి కొట్లో ఉన్నవి పాతవని వదిలేసి, స్టేషను దాకా నడిచి, ప్రతి కొట్టులోనూ విచారించి, పొద్దు వాలేవేళకు బస్సు దిగింది. చేతిలో కాగితం పొట్లం. "మంచివిదా, కొత్త సరుకు," అని పిల్ల చేతిలో పెట్టింది. ఆ తరువాత ఎన్నో నెలలపాటు ఊళ్ళో చెప్పుకుంది, ఆ రోజు తను పోకపోతే షూటింగే నిలిచిపోయేదని.

సినిమా తయారైంది. ఆ ఏడు విరుదునగర్ మిత్రులు కూడా మాతో కలిశారు కనుక, మొదటి ఆట అక్కడి ఒక బడి హాల్లో పెట్టారు. అత్త ఊరంతా తిరిగి పెళ్ళికి పిలిచినట్లు పిలిచింది. "నా సినిమా" అనే చెప్పింది. ఒక వ్యాన్ నిండా జనం బయలుదేరారు. మామకు కొత్త పంచె, తెల్లచొక్కా. మొట్టమొదటిసారిగా ఆయన టీకొట్టు వదిలి హాల్లోకి వచ్చి, అత్త పక్కన కూర్చున్నాడు. దీపాలు ఆరేముందు కూడా అత్త చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూనే ఉంది, తెర మీద కనపడబోయేది ఆ కుచ్చిళ్ళే అన్నట్లు.

తెర మీద మామ వచ్చాడు. మామ తాడు పేనాడు. మామ ఎద్దు మెడ నిమిరాడు. నెర్రెలిచ్చిన నేల మీద మామ పాదాలు. నులకమంచం మీద, చొక్కా లేకుండా, నిద్రపోతున్న మామ. వ్యాన్‌లో వచ్చినవాళ్ళు ముందు ఈలలు వేశారు, తరువాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకచోట పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి మామకు గంజి చెంబు అందించింది. ఆ గాజులు అత్తవి. అంతే, చెయ్యి వెళ్ళిపోయింది. చివరగా ఒక దృశ్యం. మామ గట్టు మీద నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, దూరంగా ఎటో చూస్తుంటాడు. ఎంతోసేపు చూస్తుంటాడు. గాలికి పంచె కొట్టుకుంటుంది. ఎవరూ మాట్లాడరు. సినిమా అయిపోయింది.

మామ తలెత్తలేదు. "చొక్కా లేకుండా తీసిందే," అని మెల్లిగా గొణిగాడు. అత్త తెర వంకే చూస్తోంది, ఇంకా ఏదో రావలసి ఉన్నట్లు.

పిల్ల వేదికెక్కింది. ఎవరో పొగుడుతూ అడిగారు, ఆ చివరి దృశ్యంలో అంత నిశ్శబ్దం, అంత ఏకాంతం ఎలా పట్టుకోగలిగారని. పిల్లకు అది మొదటి సినిమా. బెదురుగా ఉంది. బెదురులో ఉన్నవాళ్ళు నిజం చెప్పేస్తారు. "ఆ ఇంట్లో ఎప్పుడూ మాటలే అండీ," అని నవ్వింది. "అందుకని ఆ రోజు అమ్మను బ్యాటరీలు తెమ్మని కడంబూరు పంపించేశాం. అప్పుడు దొరికింది ఇది."

హాలంతా నవ్వింది. మా వ్యాన్‌వాళ్ళు నవ్వలేదు.

అత్త లేచింది. తమిళంలో అడగాలని కూడా తోచలేదు ఆమెకు. తెలుగులో, ఇంట్లో మాట్లాడినట్లు, చిన్న గొంతుతో అడిగింది.

"అట్లయితే ఆ బ్యాటరీలు వద్దా?"

పిల్లకు బ్యాటరీలన్న మాట ఒక్కటే అర్థమైంది. అది చాలింది. మైకు కిందికి దించేసింది. "లేదమ్మా... మా దగ్గర ఉన్నాయి," అంది తమిళంలో. అత్త తలాడించి కూర్చుంది. అత్త అంత చిన్న జవాబుకు సరేనని కూర్చోవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో అందరూ నిద్రపోతున్నట్లు కళ్ళు మూసుకున్నారు. ఊరు మాత్రం ఊరుకుంటుందా? తెల్లారేసరికి మామకు "హీరో" అని పేరు పడింది. ఎద్దులు తోలుకుని పోతుంటే "హీరో, షూటింగుకా?" అని పలకరించేవాళ్ళు. ఆయన తువ్వాలు భుజం మార్చుకుంటూ పోయేవాడు. అత్త ఇంట్లో ఆయనకు వేళకు అన్నం పెట్టేది, మంచినీళ్ళు పెట్టేది. మాటలు మాత్రం సగమైపోయాయి. తను చేసిన తప్పేమిటో మామకు తెలియలేదు. ఒకరోజు మా ఇంటికి వచ్చి, చాలాసేపు కూర్చుని, లేచిపోయే ముందు మా అమ్మతో అన్నాడు: "ఇంట్లో సద్దే లేదమ్మా." మామ దగ్గర అంత పొడుగు వాక్యం మా అమ్మ అంతకుముందు వినలేదట.

పిల్ల ఒకసారి ఊరికి వచ్చింది. అత్త చాప వేసింది, ఆకు వేసింది, ఉలవచారు పోసింది. అన్నీ చేసింది. కాని పిల్లను "మీరు" అంది. "మీకు ఇంకొంచెం అన్నం వేయమంటారా?" "మీ ఊళ్ళో వానలున్నాయా?" బస్టాపులో నా పక్కన నిలబడి ఆ పిల్ల ఏడ్చింది. తిట్టినా బాగుండేది అంది.

మరుసటి ఆడి నెల కోవిల్‌పట్టి పండగలో ఆ సినిమా వేయాలనుకున్నారు. కార్యదర్శి పంతులు తాంబూలం, అరటిపళ్ళు పట్టుకుని ఊరికి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. అయ్య వేదిక మీదికి రావాలి, అమ్మ ముందు వరసలో కూర్చోవాలి అన్నాడాయన.

"సినిమాలో ఉండేది ఆయనదా. ఆయన్ని పిలుసుకోండి," అంది అత్త వంటింట్లోనుంచి. "సూసి సూసి నా కండ్లు పోయె. నేను రాను."

మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"నాకు దోవ తెలీదు," అన్నాడు.

ఎన్నేళ్ళుగానో ఆ మండపం ఎదుటి టీకొట్టులో కూర్చున్న మనిషి. కార్యదర్శి నవ్వు ఆపుకోవడానికి అరటిపళ్ళ వైపు చూశాడు. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది.

"దోవ సూపిస్తా," అంది అత్త. "లోపలికి మాత్రం రాను."

అన్నమాట ప్రకారమే చేసింది. పట్టుచీర కాకుండా మామూలు నేతచీరలో వచ్చింది. ఆయన్ని గుమ్మం దాకా దిగబెట్టి, ఎదుటి టీకొట్టు బెంచీ మీద, సరిగ్గా ఆయన చోటులో కూర్చుంది. మామ లోపలికి పోతూ వెనక్కి చూశాడు. కొట్టతను ఆమెకు టీ ఇస్తూ, ఏమ్మా ఈరోజు బయటే ఉన్నారు అన్నాడట. అత్త అతనికి ఆ రోజు నడిచే సినిమాల కథలన్నీ చెప్పింది, ఒక్కటీ చూడకుండానే.

సినిమా సగంలో ఉండగా నేను తిరిగి చూశాను. అత్త తలుపు దగ్గర నిలబడి ఉంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

ఆట అయింది. వేదిక మీద రెండు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో పిల్ల, ఒకదాంట్లో మామ. ఆయన కుర్చీ అంచున, బస్సు వస్తే లేచిపోయేవాడిలా కూర్చున్నాడు. మదురై నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, సినిమాల మీద వ్యాసాలు రాసేవాడు, లేచి మైకు తీసుకున్నాడు.

"అయ్యా, చివర్లో ఆ చూపు ఉందే! అందులో వాన ఎరగని నేల దుఃఖమంతా ఉంది. తరతరాల ఎదురుచూపు ఉంది. మనిషికీ ఆకాశానికీ మధ్య ఉన్న ఆ పెద్ద మౌనం ఉంది. అలా చూస్తున్నప్పుడు మీ మనసులో ఏముంది?"

మామ మైకు చేతిలో పట్టుకున్నాడు. ఏమీ అనలేదు. హాలు ఎదురుచూసింది. ఫ్యాన్ల చప్పుడు వినపడింది. ఇంకొంతసేపు అయ్యేసరికి జనం కుర్చీల్లో కదిలారు. అది భరించలేనిది ఆ హాల్లో ఒక్క మనిషే. తలుపు దగ్గరనుంచి తెలుగులో కేక వచ్చింది.

"మబ్బు సూస్తాండాడు! ఇంకేం సూస్తాడు?"

మామ తలెత్తి అటు చూశాడు. "లే," అన్నాడు.

మైకులో అది పెద్దగా మోగింది. ఆయన ఉలికిపడి, దాన్ని కొంచెం దూరంగా పట్టుకుని, తెలుగులోనే చెప్పాడు.

"ఈమె కడంబూరు పోయిండె. బస్సు వచ్చే యాళ దాటిపోయె. ఇంకా కానరాలేదే అని రోడ్డుదిక్కు సూస్తాంటిని."

హాల్లో సగంమందికి తెలుగు వచ్చు. నవ్వు ముందు వాళ్ళలో మొదలై, మధ్యలోనే ఆగిపోయింది. మిగతావాళ్ళు ఏమిటి ఏమిటని అడుగుతున్నారు. పిల్ల కుర్చీలోనుంచి లేచి, తలుపు వైపు చూసి, "ఏం చెప్పారమ్మా?" అంది. అత్త పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. చివరికి కార్యదర్శి మైకు తీసుకుని తమిళంలో చెప్పాడు. పంతులు కనుక ఒక్క మాట కూడా కలపలేదు, తీయలేదు. మదురై పెద్దమనిషి నెమ్మదిగా కూర్చున్నాడు.

పిల్ల వేదిక దిగి నేరుగా తలుపు దగ్గరకు నడిచింది. ఎదురుగా నిలబడింది. అత్త కళ్ళు ఒత్తుకుని ఆమెను ఎగాదిగా చూసింది.

"ఎంత సిక్కిపోయినావే," అంది తమిళంలో, నువ్వు అనే. "మద్రాసులో నీకు కూడు పెట్టేవాళ్ళు లేరా?"

ఆ తరువాత కూడా మరో సినిమా ఉంది. అత్త ఉండనంది. అత్త, మామ, నేను ముగ్గురం కలిసి బస్టాండుకు నడిచాం. ఎప్పుడూ అత్తది ముందు నడక, మామది వెనక నడక. ఆ రోజు కూడా అంతే. దారిపొడుగునా అత్త తిట్టింది. అంత మందిలో అట్లా చెబుతారా, ఇంటి మాట అక్కడేంటికి, ఆ పెద్దమనిషి ఎంత బాగా అడిగినాడు, మబ్బు అంటే పోయుండేదే. మామ "ఊ" అంటూ వచ్చాడు.

ఊరి బస్సు నిలబడి ఉంది. మా బస్సుల్లో ఎడమవైపు ఆడవాళ్ళు, కుడివైపూ వెనకా మగవాళ్ళు. పెళ్ళయిన నాటినుంచి వాళ్ళిద్దరూ ఒకే బస్సెక్కి, చెరోవైపు కూర్చుని, ఒకే చోట దిగేవాళ్ళు. అత్త ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుంది. మామ అలవాటుగా వెనక్కి పోతున్నాడు. నేను కిందినుంచి కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను.

"ఇదో, మిమ్మల్నే," అంది అత్త. పక్కసీటు మీద అరచేత్తో తట్టింది. "ఇట్ల రండి."

మామ అటూ ఇటూ చూశాడు. ముందు సీట్లలో ఆడవాళ్ళు తిరిగి చూస్తున్నారు. కండక్టరు కూడా చూస్తున్నాడు.

"అది ఆడోళ్ళ సీటు," అన్నాడు మామ.

"ఆడోళ్ళుదా పిలుస్తాండేది. కూసోండి."

మామ తువ్వాలు దులిపి, సీటు తుడిచి, కూర్చున్నాడు. కండక్టరు వాళ్ళ దాకా వచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, రెండు టిక్కెట్లు చింపి ఇచ్చాడు.